రైలుకట్ట బాటలు: దర్శి మైదానం నుంచి నల్లమల దాకా

రైళ్లు తిరగడం మానేసిన లైను మీద పట్టాలు, స్లీపర్లు తీసేసి, ఆ కట్టనే నడకకూ సైకిలుకూ పనికొచ్చేలా చదును చేస్తే అది రైలుకట్ట బాట. మోటారు వాహనాలను దాని మీదికి రానివ్వరు. అమెరికా, బ్రిటన్, స్పెయిన్, న్యూజిలాండ్ దేశాల్లో ఇటువంటి బాటలు వేల కిలోమీటర్ల మేర ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో పూర్తి స్థాయి బాట ఏదీ ఇంకా రూపు దిద్దుకోలేదు కానీ, అందుకు కావలసిన సరంజామా మాత్రం ఉంది. దర్శికి దగ్గరలోని కురిచేడు, దొనకొండ ఊళ్లను ఆనుకుని పడమటికి పోయే పాత మీటర్‌గేజ్ లైను నల్లమలలో వదిలేసిన కట్ట, రాజమహేంద్రవరం దగ్గర గోదావరి మీద 1997 నుంచి ఖాళీగా ఉన్న హేవలాక్ వంతెన, ఈ రెండూ ముఖ్యమైనవి. ఈ వ్యాసం వాటినే ప్రధానంగా తీసుకుంటుంది.

రైలుకట్ట మీద నడక ఎందుకు హాయి

రోడ్డు ఎటు వీలైతే అటు ఎక్కుతుంది, దిగుతుంది. రైలు అలా పోలేదు. ఇనుప పట్టా మీద ఇనుప చక్రానికి పట్టు తక్కువ కాబట్టి ఏటవాలు కొంచెం పెరిగినా ఇంజను బరువు లాగలేదు. అందుకే లైను వేసేటప్పుడు మిట్టను కోసి, పల్లాన్ని పూడ్చి, వాగు మీద వంతెన కట్టి, కొండ అడ్డొస్తే సొరంగం తవ్వి, దారంతా దాదాపు సమంగా ఉండేలా చూస్తారు. 100 మీటర్లు నడిస్తే ఒక మీటరు ఎక్కడమన్నది రైలు లెక్కలో గట్టి ఎత్తే. సైకిలు మీద వెళ్లేవాడికి అది ఎత్తని కూడా తెలియదు. మలుపులూ అంతే. రైలు ఒక్కసారిగా తిరగలేదు కనుక వంపు నెమ్మదిగా విచ్చుకుంటుంది, ముందు ఏముందో చాలా దూరం నుంచే కనిపిస్తుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు, సైకిలు నేర్చుకుంటున్న పిల్లలు, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లు అందరూ ఒకే దారిన పోగలగడం ఇందువల్లే సాధ్యమవుతుంది. కొండ ఎక్కే దారులకు లేని గుణం ఇది.

మైదానంలో ఇంకో సుఖం ఉంది. దర్శి చుట్టుపక్కల నల్లరేగడి నేల ఎక్కువ. వాన పడితే ఆ మట్టి చెప్పుకూ టైరుకూ అంటుకుని అడుగు కదలనివ్వదు. రైలుకట్ట చుట్టూ ఉన్న పొలాలకంటే ఎత్తులో ఉంటుంది, కింద గ్రావెల్, పైన కంకర ఉంటాయి కనుక నీరు నిలవదు. ఆ ఎత్తు నుంచి చూస్తే పత్తి చేలు, మిరప తోటలు, కల్లాల్లో ఆరబోసిన ఎర్రటి కాయలు, గట్ల వెంట తాటిచెట్లు ఒక్క చూపులో కనబడతాయి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిరపకాయ కోతలు సాగే రోజుల్లో గుంటూరు, ప్రకాశం పొలాల మధ్య రైల్లో పోయినవాళ్లకు ఆ ఎరుపు తెలుసు. కాకపోతే కిటికీలోంచి అది క్షణాల్లో దాటిపోతుంది. నడిచేవాడికి ఘాటు కూడా తగులుతుంది.

కంకర మీద నేరుగా నడవడం మాత్రం పాదాలకు శిక్షే. పైపొర కంకర తీసి, లేదా దాన్ని అణగదొక్కి, మీద సన్నని క్రషర్ డస్టు పరిచి, నీళ్లు చల్లి రోలరు తిప్పితే బాట తయారవుతుంది. తారు అక్కర్లేదు. చీమకుర్తి గ్రానైటు గనులున్న ప్రాంతానికి రాతిపొడి కొదవ లేదు.

ఎక్కడ, ఎలా మొదలైంది

20వ శతాబ్దం మధ్యలో లారీలు, కార్లు పెరిగి అమెరికాలోనూ యూరప్‌లోనూ చిన్న రైలు లైన్లు నష్టాల్లో పడ్డాయి. ఒక్కొక్కటే మూతపడ్డాయి. షికాగో దగ్గర ప్రకృతి శాస్త్ర రచయిత్రి మే థీల్‌గార్డ్ వాట్స్ 1963లో పత్రికకు ఒక లేఖ రాసి, మూతబడిన రైలు దారిని నడకబాటగా కాపాడాలని కోరారు. ఇల్లినాయ్ ప్రెయిరీ పాత్ అలా పుట్టింది. దాదాపు అదే కాలంలో విస్కాన్సిన్‌లో ఎల్‌రాయ్, స్పార్టా ఊళ్ల మధ్య మూడు సొరంగాలతో సహా 50 కిలోమీటర్లకు పైగా ఉన్న లైనును ఆ రాష్ట్రం సైకిలు బాటగా మార్చింది. బ్రిటన్‌లో 1963 నాటి బీచింగ్ నివేదిక తర్వాత వేల మైళ్ల లైన్లు మూసేశారు. బ్రిస్టల్, బాత్ నగరాల మధ్య మూసిన లైనును 1979 నుంచి 1986 దాకా స్వచ్ఛంద కార్యకర్తలు కొంచెం కొంచెంగా బాట చేశారు. ఆ పని నుంచే సస్‌ట్రాన్స్ సంస్థ పెరిగింది. స్పెయిన్ 1993లో ‘పచ్చదారులు’ పేరుతో దేశవ్యాప్త పథకం మొదలుపెట్టి 3,000 కిలోమీటర్లు దాటించింది. న్యూజిలాండ్‌లో 152 కిలోమీటర్ల ఒటాగో సెంట్రల్ బాట 2000లో తెరుచుకుంది. రైలు పోయాక ఖాళీ అయిపోతున్న ఆ పల్లెల్లో, సైకిలు మీద వచ్చే యాత్రికుల కోసం భోజనశాలలు, బసలు వెలిశాయి. దొనకొండ లాంటి ఊరిని చూసినవాళ్లు ఈ చివరి ఉదాహరణను జాగ్రత్తగా చదవాలి.

అమెరికాలో అసలు చిక్కు భూమి దగ్గర వచ్చింది. చాలాచోట్ల రైలు కంపెనీకి ఉన్నది దారి హక్కే. రైలు ఆగితే ఆ నేల పక్క రైతుకు వెళ్లిపోతుంది. ఒక్కసారి ముక్కలయ్యాక మళ్లీ కూడగట్టడం ఎవరి తరమూ కాదు. దీన్ని ఆపడానికి 1983లో చట్టాన్ని సవరించి, ముందుముందు రైలు మళ్లీ అవసరం కావచ్చు కనుక ఈలోగా ఆ దారిని నడకబాటగా నిలిపి ఉంచవచ్చన్నారు. 1990లో అక్కడి సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది. మిస్సోరీలో సుమారు 385 కిలోమీటర్ల కేటీ ట్రయిల్ ఆ చట్టం వల్లే నిలిచింది. బాట అంటే విహారం ఒక్కటే కాదు, రవాణా దారిని రేపటి కోసం దాచిపెట్టే పద్ధతి కూడా అని ఆ చట్టం గుర్తించింది. ఈ విషయంలో మనకు ఇంకా స్పష్టత రావాలి.

అమెరికా తెలుగువాళ్లకు ఈ బాటలు కొత్త కాదు. వాషింగ్టన్ నగరం పక్కన వర్జీనియాలో 1968లో మూతపడిన వాషింగ్టన్ అండ్ ఓల్డ్ డొమీనియన్ లైను మీద 72 కిలోమీటర్ల బాట ఉంది. తెలుగు కుటుంబాలు పెద్దసంఖ్యలో ఉన్న హెర్న్‌డన్, ఆష్‌బర్న్ ఊళ్లు దాని మీదే ఉన్నాయి. సియాటెల్‌లో 1978లో తెరిచిన బర్క్ గిల్‌మన్ బాట కూడా అటువంటిదే. పిల్లల్ని చూడటానికి అక్కడికి వెళ్లిన అమ్మానాన్నలు సాయంత్రం నడిచొచ్చే దారి ఒకప్పటి రైలుకట్ట అని చాలామందికి తెలియకపోవచ్చు.

దర్శి, దొనకొండ: రైలు వచ్చిన తీరు

1876–78 నాటి పెద్ద కరువులో బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు ఘోరంగా దెబ్బతిన్నాయి. ధాన్యం చేరవేయడానికి దారి లేక జనం చనిపోయారన్న విమర్శ తర్వాత, కరువు ప్రాంతాలను రైలుతో కలపాలన్న నిర్ణయం జరిగింది. ఆ క్రమంలో బళ్లారి వైపు నుంచి కృష్ణా తీరానికి మీటర్‌గేజ్ లైను 1880లలో తలకెత్తుకున్నారు. గుంతకల్లు, నంద్యాల, గిద్దలూరు, కంభం, మార్కాపురం రోడ్డు, దొనకొండ, కురిచేడు, వినుకొండ, నరసరావుపేట, గుంటూరు దాని వరస. సదరన్ మరాఠా రైల్వే దీన్ని నడిపింది. 1908లో ఆ కంపెనీ మద్రాస్ రైల్వే లైన్లతో కలిసి మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే అయింది. పడమట హుబ్లీ మీదుగా గోవా రేవు మార్ముగోవా దాకా, తూర్పున బందరు దాకా ఒకే గేజు మీద పోయేలా ఈ లైను రెండు సముద్రాలను కలిపింది.

దర్శికి పడమట ఉన్న దొనకొండ ఈ లైను మీద ముఖ్యమైన మజిలీ. ఆవిరి ఇంజన్లకు బొగ్గు, నీళ్లు పట్టే చోటు, ఇంజన్ల షెడ్డు, డ్రైవర్ల విశ్రాంతి గదులు, రైల్వే క్వార్టర్లు ఉన్న ఊరది. ఆవిరి ఇంజనుకు నీళ్లు తరచూ కావాలి, డ్రైవరు మారాలి, నల్లమల ఎక్కే ముందు బండిని సరిచూసుకోవాలి. దొనకొండ బతుకంతా ఈ అవసరాల మీదే నడిచింది. 1990లలో దేశమంతటా ఒకే గేజు పథకం కింద ఈ లైను మీటరు వెడల్పు నుంచి 1,676 మిల్లీమీటర్ల బ్రాడ్‌గేజ్‌కు మారింది. డీజిలు ఇంజనుకు మధ్యలో నీళ్లు అక్కర్లేదు, షెడ్డు అక్కర్లేదు. ఊరికి రైలు మిగిలింది, రైలు తెచ్చిన పని పోయింది. ఇంజన్ల షెడ్డు ఉన్న చోటు, క్వార్టర్ల వరసలు ఇప్పుడు చరిత్రగా చూడాల్సినవి. దొనకొండ స్టేషను దగ్గర మీటర్‌గేజ్ కథ చెప్పే చిన్న ప్రదర్శనశాల పెట్టి, అక్కడి నుంచి సైకిళ్లు అద్దెకిచ్చే ఏర్పాటు చేస్తే ఊరికి మళ్లీ కొంత కదలిక వస్తుంది.

మైదానంలో చాలావరకు పాత కట్ట మీదే లేదా దాని పక్కనే కొత్త లైను వేశారు. కనుక కురిచేడు, దొనకొండ మధ్య బాట చేయడానికి మిగిలిన కట్ట తక్కువ. మిగిలిన ముక్కల మీద సర్కారు తుమ్మ అల్లుకుంది. వాటి ముళ్లు, కింద పాకే పల్లేరుకాయలు సైకిలు ట్యూబుకు గండం. ఈ ప్రాంతంలో బాట వేయదలచినవాళ్లు మొదట ఖర్చు పెట్టాల్సింది కంప కొట్టించడం మీద, ఏటా మళ్లీ మొలవకుండా వేళ్లు తీయించడం మీద.

దర్శి పట్టణానికి మాత్రం రైలు ఇప్పుడే వస్తోంది. 2011–12 రైల్వే బడ్జెట్‌లో మంజూరైన నడికుడి–శ్రీకాళహస్తి లైను సుమారు 309 కిలోమీటర్లు. గుండ్లకమ్మ స్టేషను నుంచి దర్శి దాకా భాగం పూర్తయింది. అక్కడి నుంచి పొదిలి, కనిగిరి వైపు పనులు సాగుతున్నాయి. పక్కనే పాత లైనులో వదిలేసిన కట్ట కంపల పాలవుతుంటే దర్శిలో కొత్త కట్ట పొలాల మీదుగా లేస్తోంది. కొత్త కట్ట పక్కన సామగ్రి తోలడానికి వేసిన మట్టి దారిని, పని అయిపోయాక కంచె అవతల నడకదారిగా ఉంచగలిగితే అది దాదాపు ఖర్చులేని బాట. రైలు నడిచే లైను పక్కనే కంచె వేసి బాట నడిపే పద్ధతి అమెరికాలో చాలాచోట్ల ఉంది.

నల్లమలలో వదిలేసిన దారి

గిద్దలూరు దాటాక దిగువమెట్ట దగ్గర లైను అడవిలోకి ప్రవేశిస్తుంది. అక్కడి నుంచి నంద్యాల వైపు గాజులపల్లె దాకా ఉన్న భాగమే మొత్తం లైనులో కష్టమైనది, అందమైనది కూడా. 1880లలో అక్కడ కొండ లోయ మీద కట్టిన దొరబావి వంతెన, బొగద దగ్గరి సొరంగం ఆ కాలపు ఇంజనీర్ల పనితనానికి గుర్తులు. అడవిలో జ్వరాలు, నీటి కరువు, పులుల భయం మధ్య కూలీలు కట్టిన పని అది. వాళ్ల పేర్లు ఏ ఫలకం మీదా లేవు.

బ్రాడ్‌గేజ్ మార్పిడి వచ్చినప్పుడు ఈ ఘాటులో పాత వంపులు, పాత వంతెన కొత్త బండ్ల బరువుకు, వేగానికి సరిపోవని తేల్చి, దారి మార్చి కొత్త సొరంగం మీదుగా లైను వేశారు. పాత దారిలో పట్టాలు తీసేశారు. దొరబావి వంతెన గర్డర్లు విప్పేశారు. లోయలో ఎత్తైన స్తంభాలు మాత్రం నిలబడి ఉన్నాయి. ఈ చుట్టుపక్కల ఎవరికైనా రైలుకట్ట బాట ఎలా ఉంటుందో చూపించాలంటే ఇదే చోటు. ఎత్తు తెలియని ఏటవాలు, కొండను కోసిన గండ్లలో నీడ, వాగుల మీద చిన్న చిన్న తూములు, రెండు పక్కలా వెదురు, నల్లమద్ది, తునికి చెట్లు. రోడ్డు మీద వెళ్లేవాళ్లకు ఈ అడవి ఇలా దొరకదు.

అయితే ఇక్కడ ఇష్టం వచ్చినట్టు నడవడం కుదరదు, కుదరకూడదు. ఇది గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం వైపు అడవి, నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంతో ముడిపడినది. పులి, చిరుతపులి, ఎలుగుబంటి తిరిగే నేల. అటవీశాఖ అనుమతి, వెంట దారి తెలిసిన మనిషి లేకుండా వెళ్లడం చట్టరీత్యా తప్పు, ప్రాణానికి ముప్పు. పాత సొరంగాలు, వంతెన స్తంభాల దగ్గరికి ఎక్కడం ఇంకా పెద్ద ప్రమాదం. మరమ్మతు లేని కట్టడం ఎప్పుడు ఏ రాయి విడుస్తుందో చెప్పలేం.

మార్గం లేకపోలేదు. గిద్దలూరు–నంద్యాల రోడ్డు మీద పచ్చర్లలో, ఆత్మకూరు వైపు బైర్లూటిలో అటవీశాఖ ఇప్పటికే అడవి విడిది శిబిరాలు నడుపుతోంది. వచ్చేవాళ్ల సంఖ్యకు హద్దు పెట్టి, పగటిపూట మాత్రమే, స్థానిక గైడుతో తీసుకెళ్లే పద్ధతి వాళ్లకు అలవాటే. పాత కట్టలో జంతువుల రాకపోకలకు ఇబ్బంది లేని కొద్ది కిలోమీటర్లను ఎంచి, అదే పద్ధతిలో నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు తెరవవచ్చు. గైడు పని మొదట నల్లమల ఆదివాసులైన చెంచులకే దక్కాలి. ఆ అడవిలో ఏ వాగు ఎప్పుడు పొంగుతుందో, ఏ జాడ ఏ జంతువుదో వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఒక మాట కచ్చితంగా చెప్పాలి: పులికీ బాటకీ పొసగని చోట బాటే తప్పుకోవాలి.

గోదావరి మీద ఒక పాత వంతెన

రాష్ట్రంలో రైలు వదిలిన దారిని జనానికి ఇవ్వాలన్న ఆలోచన అన్నిటికంటే ముందుకు వెళ్లినది రాజమహేంద్రవరంలో. 1897లో పని మొదలై 1900లో రైళ్లకు తెరిచిన హేవలాక్ వంతెన పొడవు సుమారు 2.7 కిలోమీటర్లు, 56 స్పానులు. అప్పటి మద్రాసు గవర్నరు పేరు పెట్టారు. నిర్మించిన ఇంజనీరు వాల్టన్. మద్రాసు–కలకత్తా మెయిళ్లు దీని మీదుగా గోదావరి దాటేవి. 1997లో రైళ్లు ఆపేశారు. వంతెన మాత్రం గట్టిగా నిలిచి ఉంది. దాన్ని నడకవంతెనగా, విహారస్థలంగా మార్చాలన్న మాట ఎన్నో ఏళ్లు మాటగానే మిగిలింది. 2025 జూన్‌లో అఖండ గోదావరి పథకానికి శంకుస్థాపన జరగడంతో అది పనిగా మారే దారిలో పడింది.

ఇది అసాధ్యమేమీ కాదనడానికి న్యూయార్క్ రాష్ట్రంలో తార్కాణం ఉంది. హడ్సన్ నది మీద పొకీప్సీ దగ్గర 1889లో కట్టిన రైలు వంతెన 1974లో మంటల్లో చిక్కి మూతపడింది. 35 ఏళ్ల తర్వాత, 2009లో దాన్ని నడకకూ సైకిలుకూ తెరిచారు. దాని పొడవు రెండు కిలోమీటర్ల పైచిలుకు. హేవలాక్ వంతెన తెరుచుకుంటే అంతకంటే పొడవు అవుతుంది, కింద గోదావరి ఉంటుంది. దుకాణాలతో, విద్యుద్దీపాల ఆర్భాటంతో నింపకుండా, తెల్లవారుజామున నడిచేవాళ్లకు, కొవ్వూరు వైపు సైకిలు మీద పనికి పోయేవాళ్లకు చోటు మిగల్చడమే ఆ పథకానికి అసలు పరీక్ష.

దారిని పోగొట్టుకోకుండా ఉంటే ఏమవుతుందో చెప్పే కథ కూడా గోదావరి పక్కనే ఉంది. కాకినాడ–కోటిపల్లి లైను 1928లో వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో దాని పట్టాలు పీకి వేరేచోటికి తీసుకెళ్లారు. దాదాపు 60 ఏళ్ల తర్వాత, 2004లో కోటిపల్లికి మళ్లీ రైలు వచ్చింది. వదిలేసిన లైను ఎప్పటికీ పనికిరాదని తేల్చేయడం తొందరపాటని దీన్నిబట్టి తెలుస్తుంది.

కాలవ కట్టలు

దర్శి వాళ్లకు ఈరోజే అందుబాటులో ఉన్న సమతల బాట కాలవ కట్ట. నాగార్జునసాగర్ కుడికాలవ నుంచి చీలి వచ్చే దర్శి బ్రాంచి కాలవ కట్టల మీద తనిఖీ దారులున్నాయి. నీళ్లు తమంతట తామే పారాలి కాబట్టి కాలవ కూడా రైలులాగే ఎత్తుపల్లాలు లేకుండా పోతుంది. తీరం వెంట ఒంగోలు, చీరాల వైపు బకింగ్‌హాం కాలవ గట్ల మీద ఒకప్పుడు మనుషులు తాడు కట్టి పడవలు లాగుతూ నడిచేవారు. అవి మొదటి నుంచీ నడకదారులే. సాగునీటి కట్ట మీద రైతుల ట్రాక్టర్లకు ముందు హక్కు ఉంటుంది, నడిచేవాళ్లు పక్కకు తప్పుకోవాలి. నీటి అంచుకు పిల్లల్ని దూరంగా ఉంచాలి.

చట్టం, జాగ్రత్తలు

రైళ్లు నడిచే లైను మీద నడవడం వేరు, వదిలేసిన కట్ట మీద నడవడం వేరు. రైళ్లు తిరిగే పట్టాల మీద నడుస్తూ ఏటా ఎందరో చనిపోతున్నారు. 1989 నాటి రైల్వే చట్టం 147వ సెక్షను ప్రకారం అనుమతి లేకుండా రైల్వే ఆవరణలో ప్రవేశిస్తే ఆరు నెలల దాకా జైలు, లేదా 1,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. కొత్తగా రైలు వచ్చిన దర్శి చుట్టుపక్కల ఊళ్లలో బడిపిల్లలకు ఈ మాట చెప్పడం అత్యవసరం. ఇన్నాళ్లూ చేనికి అడ్డదారిలో పోయినవాళ్లు ఇప్పుడు పట్టాలు దాటాల్సి వస్తోంది.

ఎండాకాలంలో ఈ మైదానంలో ఉదయం ఎనిమిదిన్నర తర్వాత నడక మంచిది కాదు. నీళ్లు వెంట ఉండాలి, మజ్జిగ ఇంకా మేలు. సైకిలుకు రెండు అదనపు ట్యూబులు, చేతిపంపు తప్పనిసరి. మిరప చేలకు మందు కొడుతున్న వేళ గాలి వాలుకు నడవకూడదు.

ఇక ప్రభుత్వానికీ రైల్వేకూ ఒక విన్నపం. అమెరికాలోలాగా మన దగ్గర చీలిపోయే హక్కుల చిక్కు తక్కువ. లైను నేల కేంద్ర ప్రభుత్వానిది. కాబట్టి గేజు మార్పిడిలో, దారి మళ్లింపులో వదిలేసిన ప్రతి కట్టకూ సర్వే చేసి, ముక్కలుగా లీజుకివ్వకముందే పొడవాటి దారిగా నమోదు చేయాలి. దిగువమెట్ట నుంచి గాజులపల్లె దాకా పాత మీటర్‌గేజ్ కట్టతో ఆ పని మొదలుపెట్టాలి. బాట వేయడానికి పదేళ్లు పట్టినా ఫరవాలేదు, నేల మాత్రం ఇప్పుడే చెదరకుండా కాపాడాలి.